గడప దగ్గర చెప్పిన పేరు

మహిళల బ్యారకు, హైదరాబాదు
14 జూన్ 1997

చిరంజీవి హరిప్రియకు మామ్మ ఆశీస్సులు.

నేను కులాసా. తిండి, నిద్ర, బీపీ మాత్ర మూడూ వేళకు జరుగుతున్నాయి. మీ నాన్న ఊహించుకుంటున్న జైలు సినిమాల్లోది. ఇది క్రమం ఉన్న చోటు. నేను పాతికేళ్ళు ఆడపిల్లల బడి నడిపినదాన్ని, గంట కొడితే లేవడం నాకు కొత్త కాదు. ఇక్కడ గంట ఇంకొకరు కొడతారు, అంతే తేడా.

ముందు నియమాలు రాస్తాను. ఇంట్లో అందరికీ చదివి వినిపించు. రెండు వారాలకు నాకు ఒక ఉత్తరం రాసే వీలుంది. కవరు అంటించకుండా ఇవ్వాలి, జైలరుగారు చదివి పంపుతారు. మీరు రాసేవీ వారు చదివాకే నాకు వస్తాయి. రెండు వారాలకు ఒక ములాఖత్, ఇరవై నిమిషాలు. ఒకసారికి ఇద్దరే. అది కూడా నేను చేరిన రోజు రిజిస్టరులో రాయించిన పేర్లవాళ్ళే. నేను మీ నాన్న శ్రీహరిరావుది, నీది, వకీలు ప్రకాశంగారిది రాయించాను. మిగతా ఎవరు వచ్చినా గేటు దగ్గరి నుంచే వెనక్కి పంపుతారు. ఫోను లేదు. అత్యవసరమైనా లేదు. ఉత్తరాల్లో జైలు సంగతులు రాయకూడదు.

మీ నాన్నకు చెప్పు. క్షమాపణ పత్రం మీద సంతకం పెడితే మర్నాడే పంపేస్తారని ప్రకాశంగారు నాకూ చెప్పారు. బడి భవనం తాళాలు సొంతదారుకు మార్చి నెలలో ఇమ్మని కోర్టు అంది. పదో తరగతి పిల్లల పరీక్షలు అయ్యేదాకా నేను ఇవ్వలేదు. కోర్టు మాట మీరాను, మూడు నెలలు వేశారు, ఒప్పుకున్నాను. కానీ తప్పు అనుకోని పనికి తప్పయిపోయిందని అనడం అబద్ధం. ఈ వయసులో అబద్ధం రాసి సంతకం పెట్టను.

రాత్రి నా పక్క చాప మీద పడుకునే మనిషి పేరు .......................................................................................................................................................

మందుల సీసాలు పారేయకండి. తులసి చెట్టుకు రెండుపూటలా నీళ్ళు పోస్తే వేరు కుళ్ళుతుంది, పొద్దున చాలు.

మామ్మ
రాజరాజేశ్వరి


మలక్‌పేట
ఆదివారం

మామ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం ముందు నాన్న చదివి, నాకిచ్చి, మళ్ళీ తీసుకుని చదివారు. నియమాలు చదివి వినిపించాను. ఇంట్లో ఉన్నా జైల్లో ఉన్నా ఆవిడ నోటీసు బోర్డు పెట్టకుండా ఉండలేదని నాన్న అన్నారు, అని కళ్ళు తుడుచుకున్నారు.

మామ్మా, నీ పక్కన పడుకునే మనిషి పేరు దగ్గర మొదలుపెట్టి ఏడు వరుసలు నల్లసిరాతో పూసేశారు. కాగితం తిప్పి కిటికీకి ఆనించి చూశాను. ఒక్క అక్షరం చిక్కలేదు. ఎవరావిడ? నిన్ను ఏమైనా అంటోందా?

నాన్న ఆగలేక ఆఫీసు నుంచి జైలుకు ఫోన్ చేశారు. "రాజరాజేశ్వరిగారిని ఒక్క నిమిషం పిలవండి, నేను వాళ్ళ అబ్బాయిని" అన్నారట. "సార్, ఇది మీ ఇల్లు అనుకున్నారా?" అని పెట్టేశారట. నువ్వు ముందే రాశావు కదా అంటే, నిజంగా అంత ఖచ్చితంగా ఉంటారనుకోలేదన్నారు.

మొన్నటి ములాఖత్‌కి నాన్న, ప్రకాశంగారు లోపలికి వచ్చారు కాబట్టి నేను గేటు బయట ఉండిపోయాను. అక్కడొక పాలాయన ఉన్నాడు. సైకిలుకు రెండు పాల క్యానులు, ఒకదాని మూతకు ఆకుపచ్చ గుడ్డ చుట్టి ఉంది. గేటు జవాను ఆయన్ని చూడగానే "క్యా భాయ్, ఫిర్ ఆగయా? లిస్టుల నీ పేరు లేదని ఎన్నిసార్లు చెప్పాలె?" అన్నాడు. "సాబ్, ఒక్కసారి సూసి పోత. మాట్లాడ గూడ మాట్లాడ" అన్నాడాయన. "సూసుడు గూడ ములాఖతే" అన్నాడు జవాను. ఆయన పోట్లాడలేదు. గోడ నీడన సైకిలు నిలబెట్టి, అందరూ లోపలికి పోయి వచ్చేదాకా అలాగే నిలబడి, వెళ్ళిపోయాడు. నాకెందుకో నీ ములాఖత్ కంటే ఆయన నిలబడడమే గుర్తుండిపోయింది.

నేనొక ఉపాయం ఆలోచించాను. పక్కావిడ సంగతి రాయాలంటే మన రెండో అత్తయ్య గురించి రాసినట్టు రాయి. నాకు అర్థమైపోతుంది, జైలరుకు తెలియదు.

హరిప్రియ


మహిళల బ్యారకు, హైదరాబాదు
28 జూన్ 1997

చి. హరిప్రియకు ఆశీస్సులు.

నీ ఉత్తరానికి తేదీ లేదు. ఆదివారాలు చాలా ఉంటాయి.

మనింట్లో రెండో అత్తయ్య లేదు. లేని మనిషిని పుట్టించి ఆవిడ నోట ఇంకొకరి కష్టం చెప్పించడం నాకు చేతకాదు. ఈ వాక్యం జైలరుగారు కూడా చదువుతారు, చదవనీ. దొంగ ఉత్తరాలు రాయాలనుకుంటే క్షమాపణ పత్రమే రాసేదాన్ని కదా.

నల్లసిరా పూయడం వారి తప్పు కాదు, నాదే. జైలు సంగతులు రాయకూడదంటే గోడలు, తాళాలు, వంటా వార్పూ అనుకున్నాను. తోటి ఖైదీల సంగతి కూడా అందులోకే వస్తుందట. నియమాల పుస్తకం అడిగి తెప్పించుకుని చదివాను. ఖైదీ అడిగితే చూపించాలని ఆ పుస్తకంలోనే ఉంది. నాకు ముందు అడిగినవారు లేరట. పుస్తకానికి బూజు పట్టి ఉంది, దులిపి అట్ట వేశాను.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. గేటు బయట నిలబడే మనిషి ఖైదీ కాదు. ఆయన గురించి నువ్వు రాయడానికి, నేను అడగడానికి ఏ నియమమూ అడ్డం రాదు. మళ్ళీ ములాఖత్ రోజున మీ నాన్నను లోపలికి పంపి నువ్వు బయటే ఉండు. ఆయన పేరు, ఊరు, ఎవరి కోసం వస్తున్నాడో అడుగు. పెద్దమనిషిని అడిగినట్టు అడుగు, పోలీసు అడిగినట్టు కాదు. ఎందుకని నన్ను అడగకు. ఇప్పుడు రాయకూడదు.

మామ్మ


మలక్‌పేట
6 జూలై 1997 (తేదీ వేశాను)

మామ్మకు నమస్కారాలు.

ఆయన పేరు బాలనర్సింహ. ఇల్లు కిషన్‌బాగ్, నాలుగు బర్రెలు, పురానాపూల్ దాకా పాలు పోస్తాడు. నేను దగ్గరికి వెళ్తే ముందు పాలు కావాలేమో అనుకున్నాడు.

"లోపల మీవాళ్ళు ఎవరున్నారు?" అని అడిగాను.

"ఉన్నది... మా ఇంట్లామె. లావణ్య వాళ్ళమ్మ" అన్నాడు. లావణ్య ఆయన కూతురట, ఐదో తరగతి.

పక్కింటివాళ్ళతో గొడవట. బర్రెలు వాకిట్లో పేడ వేశాయని పక్కింటామె ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టిందట. ఆయన ఊరుకున్నాడు. "నేను ఊకున్న. ఆమె ఊకోలె. చేతుల పాలు కొలిసే గిన్నె ఉండె, గదే ఇసిరింది. పక్కింటామె ముందటి పండ్లు రాలినయి" అన్నాడు. ఏడాది పడిందట.

"మరి లోపలికి ఎందుకు రానివ్వడం లేదు?"

"ఆమె కాయితంల ఎవ్వరు లేరని ఉన్నదంట బిడ్డా. మొగడు లేడు, పిల్లలు లేరు, ఎవ్వరు లేరు. ఆమెనే గట్ల రాయించినట్టున్నది. కోర్టుల తీర్పు జెప్పిన నాడు నేను పోలే. బర్రె ఈనుతుండె, ఇడిసిపెట్టి ఎట్ల పోత? ఆమెకు కోపమైనట్టున్నది. నాకోసమె కొట్టింది, నేనేమో ఆ దినం లేకపోతి."

"మరి ఎందుకు వస్తున్నారు, రానివ్వరని తెలిసి?"

ఆయన నన్ను తెలివితక్కువ పిల్లను చూసినట్టు చూశాడు. "ఆమె లోపట ఉన్నది గద" అన్నాడు.

మామ్మా, ఇంకొక మాట. జవాను మా ఇద్దరి మాటలూ వింటున్నాడు. పైకి కసురుతాడు కానీ మనిషి చెడ్డవాడు కాదు. నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. లోపల జనం ఎక్కువైపోయారు, వచ్చే నెల కొందరిని వరంగల్ పంపుతున్నారట. ములాఖత్‌కి ఎవరూ రానివాళ్ళను ముందు పంపుతారట, వాళ్ళకు ఈ ఊరైనా ఆ ఊరైనా ఒకటే కదా అని. బాలనర్సింహ ఇంటామె ఆ జాబితాలో మొదటి పేరట. నాలుగు బర్రెలను వదిలి ఆయన వరంగల్ ఎట్లా పోతాడు? ఆయనకు ఈ సంగతి నేను చెప్పలేదు. నువ్వు చెప్పమంటే చెబుతాను.

నాన్న అడగమన్నారు: సంతకం సంగతి ఏమైనా ఆలోచించావా?

హరిప్రియ


మహిళల బ్యారకు, హైదరాబాదు
12 జూలై 1997

చి. హరిప్రియకు ఆశీస్సులు.

ఈ ఉత్తరంలో నల్లసిరా ఉండదు. తోటి ఖైదీ ఒప్పుకుని, సూపరింటెండెంటు అనుమతిస్తే ఆ ఖైదీ సంగతి రాయవచ్చని పుస్తకంలో ఉంది. ఇద్దరినీ అడిగాను. ఇద్దరూ సరే అన్నారు. కాబట్టి రాస్తున్నాను.

నా పక్క చాప మీద పడుకునే మనిషి బుచ్చమ్మ. నువ్వు గేటు దగ్గర మాట్లాడింది ఆమె భర్తతోనే అని ఆకుపచ్చ గుడ్డ సంగతి చదివినప్పుడే అనుమానించాను. రోజూ రాత్రి ఆమె చెప్పే ఇంట్లో నాలుగు బర్రెలూ, పాల క్యాను మూతకు తన పాత రైక గుడ్డా ఉన్నాయి. భర్త సంగతి మాత్రం ఉండదు. "ఆయన రాలె. నాలుగు నెలలైతుంది. ఒక్కసారి రాలె. ఇంగ నన్నేడికి పంపినా ఒకటే" అని జైలరుతో కూడా అంది. వరంగల్ జాబితాలో పేరు మొదట ఉండడానికి అది కూడా కారణం.

నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. ఆమె కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత అడిగింది: "గుడ్డ మీద చిన్న చిన్న పువ్వులున్నయా?" నువ్వు పువ్వుల సంగతి రాయలేదు. ఉండే ఉంటాయని చెప్పాను. తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పాను, అది ఒప్పుకుంటాను.

"మరి నువ్వెందుకు ఎవరూ లేరని రాయించావు?" అన్నాను.

"నేను రాయించలె. ఆ సారు మొగని పేరేందన్నడు. నేనెట్ల జెప్త? తల కిందికేసుకుని ఊకున్న. ఉన్నడా లేడా అన్నడు. ఊకున్న. ఏందో గీకి, ఇగ పో అన్నడు."

అదీ జరిగింది. పెళ్ళయిన నాటి నుంచి భర్త పేరు నోట పలకలేదు. పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళ అత్త చెప్పిందట. ఆమె మౌనాన్ని గుమాస్తా ఎవరూ లేరని రాసుకున్నాడు. అతనికి కూడా నేను తప్పు పట్టను, అతని ముందు రోజూ ఎంతమంది తల దించుకుంటారో.

రిజిస్టరులో తప్పు పడితే తర్వాత దిద్దవచ్చని పుస్తకంలో ఉంది. సూపరింటెండెంటు విమలాదేవిగారి దగ్గరికి వెళ్ళి పేరు నాకు తెలుసు, రాసుకోండి అన్నాను. కుదరదన్నారు. ఖైదీయే తన నోటితో చెప్పాలి. తల ఊపితే చాలదా అన్నాను. "చాలదు రాజరాజేశ్వరిగారూ. ఆడవాళ్ళను వెతుక్కుంటూ ఇక్కడికి ఎవరెవరో వస్తారు. భయపెట్టి ఊపించిన తలలు చాలా చూశాను" అన్నారు. నాకు ఎదురు చెప్పాలనిపించలేదు. నేను ఆ కుర్చీలో ఉన్నా అదే అందును.

ఇక బుచ్చమ్మను ఒప్పించాలి. బడిలో ఎంతో మంది మొండి పిల్లలను చూశాను కదా, ఎంతసేపు అనుకున్నాను. ఆయుష్షుకూ పేరుకూ సంబంధం లేదని, డాక్టర్లు ఒప్పుకోరని, చట్టం నీ వైపు ఉందని అన్నీ చెప్పాను. ఆమె అన్నీ విని అంది:

"అమ్మా, మీరు ఒక్క మాట అనక జైలుకొచ్చిన్రు. అంటె ఇయ్యాల్నే పోతరు. అనరు. నన్నేమో ఒక్క మాట అనమంటరు. మీ మాటకైతె ఇజ్జతుంటది, నా మాటకు ఉండదా?"

బ్యారకులో అందరూ నవ్వారు. వార్డరు సుగుణమ్మ కూడా నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ తర్వాత బుచ్చమ్మ నెమ్మదిగా అడిగింది: "సరె గనీ, మీ సారు పేరేంది?"

హరిప్రియా, మీ తాతగారి పేరు నేను వేలసార్లు రాసి ఉంటాను. జీతం కాగితాల మీద, పెన్షన్ కాగితాల మీద, మీ నాన్న బడి దరఖాస్తు మీద. ఎవరైనా అడిగితే కాగితం చూపించేదాన్ని, లేదా శ్రీహరి నాన్నగారు అనేదాన్ని. నోరు తెరిచాను. రాలేదు. వింతగా ఉంది కదా. అంతమంది చూస్తూ ఉండగా నేను, ఎమ్మే చదివినదాన్ని, తల దించుకున్నాను. బుచ్చమ్మ ఒక్కతే నవ్వలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆమెను అడిగాను, ఆయన పేరు నీకు అసలు ఎలా తెలుసని. ఎప్పుడూ పలకలేదా?

"ఒక్కపారి పలికిన. లగ్గం నాడు. ఆడిబిడ్డలు గడప కాడ అడ్డమొచ్చి, పేరు జెప్పు, జెప్పనిదే లోపటికి రానియ్యం అన్నరు. జెప్పినంక ఇడిసిన్రు. గడప కాడ జెప్తె పాపం లేదు గద."

నన్ను కూడా అలాగే ఆపారు. విజయవాడలో, మా అత్తగారింటి గుమ్మంలో. ఎన్నేళ్ళ కిందటో.

నిన్న పొద్దున బుచ్చమ్మను ఆఫీసు గదికి పిలిపించారు. నేను ముందే వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. మా బ్యారకు ఆడవాళ్ళు ముగ్గురు నా పక్కన నిలబడ్డారు. సుగుణమ్మ లాఠీ చంకలో పెట్టుకుని, "మీరు ఆడిబిడ్డలైతె నేను అత్తను" అంటూ తానూ వచ్చి నిలబడింది. విమలాదేవిగారు లోపలి నుంచి చూస్తున్నారు. ఆపమని అనలేదు.

బుచ్చమ్మ ఆగిపోయింది. "ఏందమ్మా గీ లొల్లి?" అంది.

"పేరు చెప్పు, లోపలికి రా" అన్నాను.

ఆమె ఎర్రబడిపోయింది. కొంగు నోట్లో పెట్టుకుంది. "మీరు ముందు జెప్పుండ్రి" అంది.

అందరూ నా వైపు తిరిగారు. ఇక తప్పించుకునే దారి లేదు. చెప్పాను, "విశ్వేశ్వరరావుగారు" అని. బయటికి అన్నది నేనేనా అనిపించింది. గది గోడలకు తగిలి ఆ పేరు మళ్ళీ నా దగ్గరికే వచ్చినట్టుంది. ఆయన పోయి పదకొండేళ్ళు. పేరు పలికితే తగ్గడానికి ఇంకేమీ మిగలలేదు.

అప్పుడు బుచ్చమ్మ కొంగు తీసి, గడప మీద కుడికాలు పెట్టి, నేల వైపు చూసి కాదు, తిన్నగా విమలాదేవిగారి వైపు చూసి చెప్పింది. గట్టిగానే చెప్పింది. గుమాస్తా రాసుకున్నాడు. మేము పక్కకు తొలిగాం. వరంగల్ జాబితా నుంచి ఆమె పేరు నిన్న సాయంత్రమే కొట్టేశారు.

ఆయనకు చెప్పు, పందొమ్మిదో తేదీ ములాఖత్‌కి రమ్మని. వరంగల్ సంగతి చెప్పకు, ఇక అవసరం లేదు. మీ నాన్నకు చెప్పు, సంతకం గురించి ఆలోచించాను. పెట్టను.

మామ్మ


మలక్‌పేట
20 జూలై 1997

మామ్మకు నమస్కారాలు.

నిన్న ములాఖత్‌లో మనం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. ఇరవై నిమిషాలూ నువ్వు పక్కకే చూస్తున్నావు. అందుకని నీ వైపు నుంచి కనిపించనిది రాస్తున్నాను.

గేటు దగ్గర జవాను జాబితా చూసి, వేలు పెట్టి, మళ్ళీ చూసి, "అరే భాయ్, నామ్ ఆగయా!" అని తనే గట్టిగా అరిచాడు. బాలనర్సింహగారు నమ్మలేదు. "సక్కగ సూడుండ్రి సాబ్, ఇంకొకల్లది కావచ్చు" అన్నాడు. గుమ్మం దాటేముందు చెప్పులు విప్పాడు. అవసరం లేదన్నా వినలేదు.

లోపల సంగతి నీకు తెలుసు. రెండు జాలీలు, మధ్యలో వార్డరు నడిచే దారి, ఇటు పది మంది అటు పది మంది, అందరూ అరుపులే. ఆయన "ఓయ్" అన్నాడు. అటు నలుగురు తిరిగి చూశారు. "ఇగో, ఇటు" అన్నాడు. ఇంకో ఇద్దరు చూశారు. బుచ్చమ్మగారు వేరే చివర నిలబడి ఆయన కోసం వెతుకుతోంది. "లావణ్య వాళ్ళమ్మా!" అన్నాడు, ఆ గోలలో వినపడలేదు. నేను ఆయన పక్కనే ఉన్నాను. సమయం అయిపోతోంది.

అప్పుడు ఆయన కళ్ళు మూసుకుని అరిచాడు, "బుచ్చమ్మా!"

హాలంతా ఇటు తిరిగి చూసింది. తర్వాత అందరూ నవ్వారు. ఆమె కొంగు మొహం మీదికి లాక్కుని జాలీ దగ్గరికి వచ్చింది. ఆమె ఏం అందో నాకు వినపడలేదు. ఆయన మాత్రం, "నువ్వు జెప్పినవంట, నాకేమైంది? సూడు, మంచిగనె ఉన్న. ఒక సేరు బరువు గూడ పెరిగిన" అన్నాడు. ఇక బర్రెల గురించి మొదలుపెట్టారు. చివరిదాకా బర్రెల గురించే.

బయటికి వచ్చాక నన్ను అడిగాడు, "ఆ పక్కన నిలవడ్డ పెద్దమ్మ మీ ఇంటామెనా? ఆమె ఎందుకేడుస్తున్నది?" నువ్వు ఏడవడం లేదని, కంట్లో జాలీ దుమ్ము పడిందని చెప్పాను. తప్పేనా?

నాన్న ఇక సంతకం సంగతి ఎత్తనన్నారు.

హరిప్రియ


మహిళల బ్యారకు, హైదరాబాదు
26 జూలై 1997

చి. హరిప్రియకు ఆశీస్సులు.

దుమ్ము పడలేదు. ఆయన మళ్ళీ కనిపిస్తే ఉన్నది చెప్పు.

ఈసారి ములాఖత్‌కి కాస్త ముందు రా, మన మాటలు మిగిలి ఉన్నాయి. తులసికి చిగుళ్ళు తుంచు.

ఈ కవరుతో పాటు ఇంకొకటి కూడా పోస్టులో పడుతుంది, కిషన్‌బాగ్‌కు. చదువు రాని ఖైదీకి ఇంకో ఖైదీ రాసిపెట్టవచ్చని పుస్తకంలో ఉంది. లోపల ఏముందో నీకు చెప్పను, అది ఆమె సొంత సంగతి. పైన పేరు ఆమె చెప్పగా రాశాను. రాసేశాక మళ్ళీ చెప్పింది. రాశానమ్మా అన్నాను. ఇంకోసారి చెప్పింది.

"ఎందుకే మళ్ళీ మళ్ళీ?" అన్నాను.

"తప్పు రాస్తరేమోనని" అంది.

మామ్మ
రాజరాజేశ్వరి విశ్వేశ్వరరావు